చేతికందే ఎత్తు

అసూయను గురించి రాసినవారిలో ఎక్కువమంది దాన్ని బయటినుంచి చూసినవారే. లోపల ఉన్నవారికి అది అసూయగా కనబడదు, న్యాయంగా కనబడుతుంది. తోడికోడలంటే నీకు కడుపుమంటా అని పెద్దకోడలిని ఎవరైనా అడిగి ఉంటే, ఆమె నిజాయితీగానే కాదనేది. తనకు రావలసినదాన్ని తాను కాపాడుకుంటున్నానని మాత్రమే ఆమెకు తెలుసు. ఆ రావలసినది నగా కాదు, పొలమూ కాదు, అత్తగారు. అత్తగారిని వదిలించుకోవడానికి తగువుపడ్డ కోడళ్ళను లోకం చాలామందిని చూసింది కాని, దక్కించుకోవడానికి కుమిలిపోయిన కోడలిని అంతగా ఎరగదు.

ఆమె ఒక పెద్ద రెడీమేడ్ బట్టల దుకాణంలో పనిచేసేది. అమ్మకం ఆమె పని కాదు. వచ్చినవారు అద్దాల గదుల్లో వేసుకుని చూసి, వద్దనుకుని వదిలేసిన బట్టల మడతలు సరిచేసి, తిరిగి వాటి అరల్లోకి చేర్చడం ఆమె పని. ఏళ్ళ తరబడి ఆ పనిలో ఉన్నందువల్ల మనుషుల కోరికను గురించి ఆమెకు ఒక సంగతి తెలిసింది. ఒకరు పక్కన పడేసిన చొక్కాను మరొకరు చేతిలోకి తీసుకోగానే, మొదటివారికి అది మళ్ళీ కావలసి వస్తుంది. ఈ తమాషాను ఆమె ఇంటికి వచ్చి నవ్వుతూ చెప్పేది. తన ఇంట్లో జరుగుతున్నదీ అదేనని మాత్రం ఎన్నడూ తోచలేదు.

అత్తగారు ఆసుపత్రిలో నర్సుగా చేసి విరమించిన మనిషి. పొట్టి మనిషి, పొదుపైన మాట. మెచ్చుకోలు ఆమె నోట రావడం అరుదు. "మందు మింగినవాణ్ణి మెచ్చుకున్నావంటే, రేపట్నించి మెచ్చుకుంటేనే మింగుతాడు" అనేది. ఆమె "పరవాలేదు" అన్నదంటే ఆ ఇంట్లో అది బిరుదు కింద లెక్క. కుడి భుజం పట్టేసి, చెయ్యి రొమ్ముకన్నా పైకి లేవడం మానేసినప్పటినుంచి ఆమె తల దువ్వడం, చెయ్యి పట్టుకుని రవిక తొడగడం పెద్దకోడలి పనులయ్యాయి. "మా అత్తగారికున్నది ఒక చెయ్యి, నాకున్నవి మూడు" అని పెద్దకోడలు దుకాణంలో అందరితోనూ వాపోయేది. వినేవాళ్ళు జాలిపడేవారు. ఆ జాలి ఆమెకు రుచించేది.

అయితే ఒకసారి ఆమె జ్వరపడినప్పుడు చిన్నకోడలు వెళ్ళి అత్తగారి తల దువ్వింది. అత్తగారు అద్దంలో చూసుకుని "పరవాలేదు" అంది. ఆ మాట పక్కగదిలో పడుకున్న మనిషికి వినబడింది. జ్వరం మర్నాటికి తగ్గింది. ఆ మాట తగ్గలేదు.

చిన్నకోడలు బడిలో లెక్కల టీచరు. నెమ్మదస్తురాలు. పెళ్ళై చాలాకాలమైనా పిల్లలు లేరు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కారు. పెద్దకోడలికి ఒక్కతే కూతురు, ఉద్యోగం దొరికి వేరే ఊళ్ళో స్థిరపడింది. ఇన్నాళ్ళూ అందరూ ఒకే అద్దె ఇంట్లో ఉన్నారు. ఇప్పుడు అన్నదమ్ములిద్దరూ కొత్తగా కట్టిన భవనంలో, ఒకే అంతస్తులో, ఎదురెదురు తలుపులున్న రెండు ఇళ్ళు తీసుకున్నారు. ప్రతి ఇంట్లోనూ ఒక పెద్ద పడకగది, ఒక చిన్న పడకగది. అత్తగారు ఎవరి చిన్న గదిలో ఉంటుందన్నది ఎవరూ తేల్చలేదు. కొడుకులు అడిగితే ఆమె, "రెండిళ్ళూ సర్దుకోండి, చూద్దాం" అన్నది. అందాకా పెద్దకొడుకు ఇంటి ముందుగదిలో మంచం వేయించుకుంది.

చూద్దాం అన్న మాట పెద్దకోడలికి పరీక్షగా వినిపించింది. పరీక్ష అంటే ప్రశ్న ఉండాలి. ఆ చిన్న గదిలో పెట్టే బట్టల అల్మారాయే ఆ ప్రశ్న అని ఆమె తనంతట తానే నిర్ణయించుకుంది. ఇందులో వెర్రి ఉన్నమాట నిజమే కాని, బొత్తిగా కారణం లేకపోలేదు. మనిషి ఎక్కడ పడుకుంటుందో అది మకాం. బట్టలు ఎక్కడ పెట్టుకుంటుందో అదే ఇల్లు.

కొత్త ఇళ్ళలో చిన్న గది అనేది కాగితం మీద మాత్రమే గది. మంచం వేస్తే మిగిలేది ఒక మనిషి పక్కకు తిరిగి నడిచేంత చోటు. పెద్దకోడలు సెలవు దొరికినప్పుడల్లా దుకాణాల చుట్టూ తిరిగింది. బయటికి తెరుచుకునే తలుపులు మంచానికి తగిలేవి. పక్కకు జరిగే తలుపులైతే ఎప్పుడూ సగమే కనబడేది, కావలసినది ఎప్పుడూ ఆ రెండో సగంలో ఉండేది. తలుపులు లేకుండా తెర కట్టుకోమన్నాడొకడు. దుమ్ముకు ఎవరు పూచీ అని ఆమె లేచి వచ్చేసింది. పైకప్పు దాకా కట్టించుకుంటే చోటు కలిసొస్తుందని మరొకడన్నాడు. చెయ్యి లేవని మనిషికి పైకప్పు దాకా అరలెందుకని అక్కడా నచ్చలేదు. నిజానికి ఆమె ఏదీ ఎంచుకోలేకపోవడానికి కారణం తలుపులు కావు, అరలు కావు. ఆమెకు కావలసింది మంచి అల్మారా కాదు, ఎదురింట్లోకన్నా మంచి అల్మారా. ఎదురింట్లో ఏం పెడుతున్నారో ఇంకా తెలియలేదు.

భర్త బస్సుల డిపోలో మెకానిక్కు. ఇంటి రాజకీయాల్లో తలదూర్చే అలవాటు లేనివాడు. అతనికీ ఓపిక పోయింది.

"మా అమ్మకి ఉన్నవి పట్టుమని పది బట్టలు. మేకు కొడితే సరిపోయేదానికి నువ్వు మేడ కడతానంటావు."

"మీ అమ్మ గురించి మీరు పట్టించుకుని ఉంటే నాకీ పాట్లెందుకు" అని ఆమె అతని నోరు మూయించింది.

ఇంతలో చిన్నకోడలి ఇంటికి అల్మారా వచ్చింది. ఏదో కంపెనీవాళ్ళు ముక్కలుగా తెచ్చి, ఒక పూటలో బిగించి వెళ్ళిపోయారు. పెద్దకోడలు ఆ సాయంత్రం ఏమీ ఎరగనట్టు వెళ్ళి, ఎలా వచ్చిందని అడిగింది. చిన్నకోడలి ముఖంలో ఒక తడబాటు కదిలింది. "ఏముందక్కా, ఏదో చిన్నది" అంటూ మాట మార్చి, నడుస్తూ నడుస్తూనే ఆ చిన్న గది తలుపు దగ్గరికి లాగింది. అదేమీ చప్పుడు చేసిన తలుపు కాదు. అయినా పెద్దకోడలికి అది ముఖాన వేసినట్టే అనిపించింది. దాచవలసినంత గొప్పది లోపల ఉన్నదన్నమాట.

నీళ్ళ గొట్టం పగలడం వంటి అవసరాలకని రెండు ఇళ్ళవారూ ఒకరి తాళంచెవి మరొకరి దగ్గర ఉంచుకున్నారు. తనకు సెలవైన ఒక రోజు, ఎదురింటివారు పనులకు వెళ్ళిన తరవాత, పెద్దకోడలు ఆ తాళంచెవి తీసుకుంది. కొలతల టేపును కొంగులో పెట్టుకుని లోపలికి వెళ్ళింది. ఇంత చేస్తున్నా దొంగతనమన్న మాట ఆమె మనసులో మెదలలేదు. కొలుచుకోవడం తీసుకుపోవడం కాదు గదా అన్నది ఆమె తర్కం. తర్కం మనిషికి దారి చూపుతుందని పెద్దలంటారు. నడవదలచుకున్న దారిని ఊడ్చిపెట్టడం కూడా దాని పనే.

అల్మారా లేత పసుపు రంగులో ఉంది. తలుపులు వేళ్ళతో నెడితే చాలు, చప్పుడు లేకుండా పక్కకు జరిగాయి. తాళం లేదు. మూలలన్నీ గుండ్రంగా నున్నగా అరగదీసి ఉన్నాయి. బట్టలు వేలాడదీసే కడ్డీ ఎక్కడో పైన కాక, ఆమె నడుము దగ్గరికి ఉంది. కింద సొరుగులు, వాటి పక్కన కూర్చుని చెప్పులు తొడుక్కోవడానికి పీటంత ఎత్తు బల్ల.

పెద్దకోడలు ఆ బల్ల మీద కూర్చుండిపోయింది. ప్రతిదీ ఆమెకు ఒక్కొక్క దెబ్బగా అర్థమైంది. చెయ్యి పైకి లేవని మనిషికి కిందనే కడ్డీ. తాళంచెవులు మరిచిపోయే మనిషికి తాళం లేని తలుపు. తూలితే తగలకుండా గుండ్రటి మూలలు. ఇన్నేళ్ళు ఆ భుజాన్ని మర్దనా చేసినది తాను. దాని బాధను కొలతల్లోకి మార్చినది ఆ టీచరమ్మ. తనకెందుకు తట్టలేదు? సేవ చేసేవాళ్ళు చేస్తూనే ఉంటారు, ఆలోచన చేసినవాళ్ళు ఒక్క దెబ్బతో పేరు కొట్టేస్తారు. కళ్ళనీళ్ళు వచ్చాయి. వాటిని తుడుచుకోకుండానే ఆమె టేపు తీసి కొలవడం మొదలుపెట్టింది.

కంపెనీ సరుకైతే ఎక్కడ కొన్నావని అడుగుతారని, ఆమె ఒక వడ్రంగిని పిలిపించింది. అతను వాగుడుకాయ. చేతికన్నా నోరు ముందు నడిచేది. కొలతలు విని పెన్సిలు చెవి మీదినుంచి తీసి, మళ్ళీ పెట్టేసుకున్నాడు.

"ఎవరికమ్మా ఇది?"

"మా అత్తగారికి."

"కడ్డీ ఇంత కిందికా? ఆవిడ ఎంతుంటారేంటి?"

పెద్దకోడలు తన భుజానికి కొంచెం కిందుగా చెయ్యి పెట్టి చూపించింది.

"అంతుంటే బట్టలు నేల ఊడుస్తాయమ్మా. చీపురు ఖర్చు మిగులుతుందనుకోండి."

"నవ్వింది చాలు. చెప్పినట్టు చెయ్యి."

అతను భుజాలెగరేసి చెప్పినట్టే చేశాడు. కాని ఉన్నదున్నట్టు చేయిస్తే సమానమవుతుంది, మించడం ఎలా? అందుకని ఆమె కింది సొరుగులన్నిటికన్నా పైన ఒక సన్నటి సొరుగు పెట్టించింది. అందులో కళ్ళజోడుకు మెత్తటి గుడ్డ పరిచిన గూడు, పూటపూట మందులకు విడివిడి గదులు. ఎదురింటి అల్మారాలో లేనిది అదొక్కటే. పని పూర్తైన రోజున ఆమె దాన్ని తెరిచి మూసి, తెరిచి మూసి, చాలాకాలానికి కడుపునిండా అన్నం తిన్నది.

ఆదివారం ఉదయం అత్తగారిని తీసుకువచ్చి గది ముందు నిలబెట్టింది. అత్తగారు ఒకసారి మొత్తం చూసింది. ముందుకు వెళ్ళి, ఆ పట్టేసిన కుడిచేత్తోనే కడ్డీని ముట్టుకుంది. చెయ్యి అందింది. ఆమె పెద్దకోడలి వైపు తిరిగి, ఏదో అనబోయి ఆగిపోయింది. ఆ ఆగిపోవడంలో ఉన్న మెత్తదనాన్ని పెద్దకోడలు ఇంతకుముందు ఎన్నడూ చూడలేదు. అత్తగారు మాట్లాడకుండా వెళ్ళి ఎదురింటి తలుపు తట్టింది.

"చిన్నమ్మాయ్, ఒకసారి ఇలా రా."

పెద్దకోడలు అల్మారా పక్కకు వెళ్ళి నిలబడింది. పిలిచి మరీ చూపిస్తున్నారు! చిన్నకోడలు వచ్చి, గది గుమ్మంలోనే నిలబడిపోయింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కళ్ళు నిండి చెంపల మీదికి కారాయి. పెద్దకోడలు ఆ కన్నీళ్ళను ఓటమి కన్నీళ్ళుగా చదువుకుంది. అంత తీపి ఆమె జీవితంలో ఏ తిండిలోనూ ఎరగదు. అది ఎంతసేపో నిలవలేదు.

"అక్కా, పాప కోసం నువ్వు కూడా చేయించావా?"

ఏ పాప అని పెద్దకోడలు అడగలేదు. చిన్నకోడలు ఆమె రెండు చేతులూ పట్టుకుని, ఇన్నాళ్ళు బిగబట్టినదంతా చెప్పేసింది. తల్లిదండ్రులు లేని పిల్లలను పెంచే ఆశ్రమంలో ఒక పాప ఉంది. వచ్చే నెలలో ఇంటికి తెచ్చుకుంటున్నారు. రెండేళ్ళ కిందట మరో పిల్ల విషయంలో అంతా కుదిరి, చివరి ఘడియలో తప్పిపోయింది. అప్పుడు ఇంట్లోనూ బడిలోనూ ముందే చెప్పుకోబోయి, ఎందుకో ఒక్కరోజు ఆగారు, ఆగడమే మంచిదైంది. అందుకే ఈసారి నోరు విప్పే ధైర్యం లేకపోయింది. విచారణకు వచ్చిన అధికారి ఇంటి పెద్దను కలవాలన్నాడు గనక అత్తయ్యకు మాత్రం చెప్పవలసి వచ్చింది. ఆవిడ చేత ఒట్టు వేయించుకున్నారు.

"నీకు చెప్పలేదని బాధ లోపల ఉంది. నువ్వేమో ఎలా కనిపెట్టావో కనిపెట్టి, మాట అడక్కుండా ఇది చేయించి పెట్టావు. నేనైతే ఇంత చెయ్యగలిగేదాన్ని కాదక్కా."

పెద్దకోడలికి అల్మారా ఇప్పుడే మొదటిసారిగా కనబడింది. కింద కడ్డీ, గుండ్రటి మూలలు, పిల్లలు లోపల దూరి ఇరుక్కోకుండా తాళం లేని తలుపు. ముసలితనానికీ పసితనానికీ అల్మారానుంచి కావలసినవి ఇంచుమించు ఒక్కటే. కాని ఆ ఒక్కటి చూసి, ఆమె తన మనసులో ఉన్నదాన్నే చదువుకుంది.

"పిల్ల రెండిళ్ళలోనూ తిరుగుతుంది కదా" అన్నది ఆమె. ఆ గొంతు తనది కాదనిపించింది. చిన్నకోడలు కళ్ళు తుడుచుకుంటూ, భర్తతో చెప్పడానికి పరుగెత్తింది.

గదిలో అత్తాకోడళ్ళిద్దరే మిగిలారు. ఇంత గొప్ప పొగడ్త తన మెడలో పడితే, దాన్ని దండలా మోయలేక పెద్దకోడలు తల దించుకుంది. అంతలోనే ఆమెలో పాత మంట మరో వైపునుంచి రాజుకుంది. అత్తగారికి ముందే తెలుసు. తలకు నూనె రాస్తున్న ప్రతి ఉదయమూ, తన చేతుల్లో ఉన్న ఆ తలలో ఆ రహస్యం ఉంది. తనకు చెప్పలేదు.

అత్తగారు అల్మారాను మరింత దగ్గరగా చూస్తోంది. పైన ఉన్న సన్నటి సొరుగు లాగింది. మెత్తటి గుడ్డ పరిచిన గూడు, మందుల గదులు. ఆ గుడ్డను వేలితో తడిమి, నర్సులు రోగి నాడి పట్టుకుని అడిగే గొంతుతో అడిగింది.

"మూడేళ్ళ పిల్లకి కళ్ళజోడు గూడెందుకే?"

పెద్దకోడలు చెయ్యి చాచి సొరుగు మూయబోయింది, అత్తగారు మూయనివ్వలేదు.

"వాళ్ళింటి తాళంచెవి వాడావా?"

పెద్దకోడలు తలూపింది.

"మంచి పని కాదు." సొరుగు మూసింది. "కబోర్డు పరవాలేదు" అన్నది.

పెద్దకోడలు కొన్నేళ్ళుగా ఎదురుచూసిన మాట అది. కాని ఆకలి తీరిన తరవాత వచ్చిన విస్తరిలా, ఇప్పుడు దాన్ని ఏం చేసుకోవాలో ఆమెకు తెలియలేదు. ఇక దాచడానికేమీ మిగలలేదు గనక, ఇన్నాళ్ళూ చుట్టూ తిరిగిన ప్రశ్నను నేరుగా అడిగేసింది.

"మీరు ఎక్కడుంటారత్తయ్యా?"

"అక్కడ."

అంత సూటిగా వస్తుందని ఆమె అనుకోలేదు.

"అంతేలెండి. నేను చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరు."

"నోర్ముయ్. నీకు నేను అలవాటయ్యాను. ఆ పిల్లకి లోకంలో ఇంకా ఎవరూ అలవాటు కాలేదు. రాత్రి లేచి ఏడిస్తే, పక్కన పాత మనిషి ఒకటి ఉండాలి." గుమ్మం దాకా నడిచి అత్తగారు ఆగింది. "తల మాత్రం నువ్వే వచ్చి దువ్వు. చిన్నది జుట్టు పీకుతుంది."

ఓడిపోయినవాళ్ళకు ఇచ్చే ఓదార్పు బహుమతిలా ఉంది ఆ మాట. పెద్దకోడలు దాన్ని తీసుకుంది, కాని శాంతించిందని చెప్పడానికి లేదు. అత్తగారి పెట్టె ఎదురింటికి మారిన రోజున ఆమె దుకాణానికి సెలవు పెట్టలేదు. సాయం చేయడానికి చేతులు ఖాళీ లేవని కబురు పెట్టింది.

పాప వచ్చింది. బక్కపలచటి పిల్ల, ఎవరు పలకరించినా చూపుతో కొలిచి చూసే పిల్ల. వచ్చిన వారంలోనే అత్తగారి చిటికెనవేలు పట్టుకుంది. ఆ వేలు పట్టుకోవడాన్ని పెద్దకోడలు మెట్ల దగ్గర నిలబడి చూసి, ఆ పసిదాని మీద కూడా ఈర్ష్య పడింది. ఇది చెప్పుకోవడానికి సిగ్గైన సంగతి. ఆమె చెప్పుకోలేదు. చిన్నకోడలు మాత్రం, "పెద్దమ్మ నీ కోసం అక్కడ కూడా ఒక కబోర్డు చేయించింది" అని పిల్లను తీసుకొచ్చి చూపించి, రెండు గౌన్లు ఆ కిందికడ్డీకి తగిలించి వెళ్ళింది. పెద్దకోడలు కాదనలేకపోయింది. కాదనడానికి కావలసిన నిజం ఆమె దగ్గర ఉంది కాని, దాన్ని బయటికి తీసే దారి లేదు.

పిల్లల ఇష్టాలకు కారణాలు వెతకడం తెలివైన పని కాదు. తన ఇంట్లో అన్నీ ఉన్నా, ఆ పిల్ల పొద్దున్నే లేచి ఎదురింటి తలుపు తట్టి, పెద్దమ్మ అల్మారాలోని గౌనే కావాలనడం మొదలుపెట్టింది. మొదట వారానికి ఒకసారి, తరవాత రోజూ. రెండు గౌన్లు నాలుగయ్యాయి, తరవాత ఆ కడ్డీ నిండిపోయింది. పెద్దకోడలు మొదట విసుక్కుంది. దుకాణానికి ఆలస్యమవుతోందని గొణిగింది. తరవాత తలుపు తట్టకముందే గడియ తీసి ఉంచసాగింది.

ఒక ఉదయం పిల్లను ఆ పీటంత బల్ల మీద కూర్చోబెట్టి ఆమె చెప్పులు తొడుగుతోంది. పిల్ల ఆమె భుజం మీద చెయ్యి వేసి, తనకే తెలిసిన ఏదో కథ చెబుతోంది. రెండు తలుపులూ తెరిచే ఉన్నాయి. ఎదురింటి గుమ్మంలో అత్తగారు నిలబడి ఉంది. దువ్వుకోని జుట్టుతో, చేతిలో పిల్లకు పట్టవలసిన పాలగ్లాసుతో.

"పాలు చల్లారిపోతున్నాయి. రావే."

పిల్ల కదలలేదు. కథ మధ్యలో ఉంది.

"ఏముందే మీ పెద్దమ్మ ఇంట్లో, ఇక్కడ లేనిది?"

అడిగింది పిల్లనే. కాని ఆ గొంతులోని అంచు పెద్దకోడలికి తగిలింది. ఆ అంచును ఆమె ఎక్కడున్నా గుర్తుపట్టగలదు. ఇన్నేళ్ళు దాన్ని లోపల పెట్టుకునే తిరిగింది. అది తన వైపు తిరిగి ఉండగా వినడం మాత్రం ఇదే మొదలు. తన దగ్గర ఉన్నదాన్ని ఒకరు కోరుకుంటున్నారు, అదీ ఆవిడ. జాలిపడాలో, తలెత్తి చూడాలో ఆమెకు తెలియలేదు. రెండూ చేయలేదు.

"వస్తుందత్తయ్యా, ఒక్క నిమిషం" అని, తల వంచుకుని, రెండో చెప్పు పట్టీ పెట్టడానికి కావలసినదానికన్నా ఎక్కువసేపు తీసుకుంది.